కొట్లాటలో ప్రాణం పోయినప్పుడు: ఆత్మరక్షణ వాదనను, నష్టపరిహారాన్ని కోర్టులో ఎలా నిలబెట్టుకోవాలి

పొలం గట్టు మీద మొదలైన మాట పెరిగి, చేతిలో ఉన్న పార పైకి లేచి, పావుగంటలో ఒక మనిషి ప్రాణం పోయిందంటే ఆ రోజు నుంచి రెండు ఇళ్లవారు కోర్టు చుట్టూ తిరగవలసి వస్తుంది. ఒక ఇంటివారు ‘మావాడు తన ప్రాణం కాపాడుకోవడానికే కొట్టాడు’ అంటారు. రెండో ఇంటివారు ‘మా ఇంటికి దిక్కు పోయింది, పిల్లల గతి ఏమిటి’ అంటారు. శ్రీకాకుళం, విజయనగరం కోర్టు ఆవరణల్లో ఈ రెండు మాటలూ చాలా ఏళ్లుగా వింటున్నాను. ఈ రెంటికీ చట్టంలో వేర్వేరు దారులు ఉన్నాయి. ఒకటి మూసుకుపోయినంత మాత్రాన రెండోది మూసుకుపోదు. ఏ దారిలోనైనా సరైన సమయంలో అడిగినవారికే దక్కుతుంది. మీరు ఏ ఇంటివారైనా సరే, ఏ పని ఎప్పుడు చేయాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

ముందుగా ఘటన తేదీ చూసుకోండి. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది, అంతకు ముందు జరిగినవాటికి పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. ఆత్మరక్షణ హక్కు పాత చట్టంలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లలో ఉండేది, కొత్తదానిలో 34 నుంచి 44 వరకు ఉంది. అంకెలు మారాయి కానీ సూత్రం దాదాపు మారలేదు కాబట్టి, పాత సెక్షన్ల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులు నేటికీ మీ న్యాయవాదికి పనికివస్తాయి.

మీ కేసు ఆత్మరక్షణ కిందికి వస్తుందో రాదో తేల్చుకోవడం

ఎదుటివాడి ప్రాణం తీసేదాకా హక్కు ఎప్పుడు వెళుతుందో సెక్షన్ 38 ఏడు సందర్భాలుగా చెబుతుంది. ఎదుటివాడి దాడి వల్ల చావు తప్పదన్న భయం సహేతుకంగా కలగడం, తీవ్ర గాయం తప్పదన్న భయం కలగడం, అత్యాచారం చేసే ఉద్దేశంతో దాడి జరగడం, అసహజ లైంగిక చర్య ఉద్దేశంతో జరగడం, ఎత్తుకుపోయే ఉద్దేశంతో జరగడం, అధికారుల సాయం అందే వీలు లేకుండా నిర్బంధించే దాడి, యాసిడ్ దాడి. ఈ ఏడింటిలో ఏదో ఒకటి మీ ఘటనలో ఉన్నదా అని మొదట చూసుకోవాలి. భయం నిజమై తీరవలసిన పని లేదు, ఆ క్షణంలో ఆ స్థితిలో ఉన్న మామూలు మనిషికి ఆ భయం కలగడం సహజమేనా అన్నదే ప్రశ్న. దెబ్బ పడేదాకా కాచుకుని కూర్చోవాలని గానీ, పారిపోయి తీరాలని గానీ చట్టం అడగదు. ప్రాణభయంలో ఉన్నవాడు తన దెబ్బను త్రాసులో తూచి కొట్టలేడని న్యాయస్థానాలు ఎన్నోసార్లు అన్నాయి. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాలన్నింటినీ ఒకచోట క్రోడీకరించింది, ఆ తీర్పు ప్రతిని మీ న్యాయవాది దగ్గర ఉంచుకోమని చెప్పండి.

ఇక హక్కు లేని చోట్లు. ఇవి మన ప్రాంతంలో ఎక్కువగా ఎదురవుతాయి కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. ఉద్దానంలో జీడితోటకు రాత్రి కాపలా కాసే రైతు, పిక్కలు ఏరుకుపోయే దొంగను చూసి గొడ్డలితో మెడ మీద కొడితే అది ఆత్మరక్షణ కాదు. దొంగతనాన్ని ఆపడానికి అవసరమైనంత బలం వాడే హక్కు ఉంది కానీ, దొంగ వల్ల ప్రాణానికో, తీవ్ర గాయానికో ప్రమాదం ఉన్నదన్న సహేతుకమైన భయం లేనిదే ప్రాణం తీసే హక్కు లేదు. దోపిడీ, సూర్యాస్తమయం తరువాత సూర్యోదయం లోపు ఇల్లు పగలగొట్టి చొరబడటం, మనుషులు ఉండే ఇంటికి నిప్పు పెట్టడం వంటి సందర్భాల్లోనే సెక్షన్ 41 ఆస్తి కోసం అంతదూరం పోనిస్తుంది. అడవిపందుల కోసం పొలం చుట్టూ కరెంటు తీగ కట్టి, ఆ తీగ తగిలి దారినపోయేవాడు చనిపోతే, పంటను కాపాడుకోవడానికే కట్టానన్న మాట ఈ హక్కు కిందికి ఏమాత్రం రాదు. ఆ చనిపోయినవాడు మీ మీదకు దాడికి వచ్చినవాడు కాడు.

నాగావళి, వంశధార కాలువల కింద నీళ్ల వంతుల తగాదాల్లో, గట్టు తగాదాల్లో తరచు జరిగేది మరొకటి. రెండు పక్షాలవారూ కర్రలు, బల్లేలు పట్టుకుని ముందే సిద్ధపడి ఎదురెదురుగా దిగితే, ఇద్దరిలో ఎవరికీ ఆత్మరక్షణ హక్కు ఉండదు. కయ్యానికి తానే కాలు దువ్వినవాడికి సాధారణంగా ఆ హక్కు దొరకదు. పోలీసులను పిలుచుకునే సమయం, వీలు ఉండి కూడా పిలవనివారికీ దొరకదు. అన్నింటికంటే ముఖ్యమైనది, దాడి చేసినవాడు ఆయుధం పడేసి పారిపోతున్నప్పుడు వెంటపడి కొట్టిన దెబ్బకు ఈ హక్కు రాదు. భయం ఉన్నంతసేపే హక్కు ఉంటుంది. మీ ఘటనలో మొదటి దెబ్బకూ చివరి దెబ్బకూ మధ్య ఎంత సమయం గడిచింది, ఎన్ని అడుగుల దూరం జరిగింది అన్నది మీ కేసును నిలబెట్టనూవచ్చు, పడగొట్టనూవచ్చు.

మొదటి ఇరవై నాలుగు గంటలు: ఆత్మరక్షణ చెప్పుకోవలసిన ఇంటివారికి

ఘటన జరిగిన వెంటనే చేయవలసిన మొదటి పని మీ ఒంటి మీద గాయాలను ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవడం. శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రి అయినా, విజయనగరంలోని ప్రభుత్వ ఆసుపత్రి అయినా, దగ్గరలోని సామాజిక ఆరోగ్య కేంద్రమైనా సరే, డాక్టరు అడిగినప్పుడు గాయం ఎలా అయిందో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. భయంతో ‘మెట్ల మీద నుంచి పడ్డాను’ అని చెబితే ఆ మాటే రిజిస్టరులో నమోదవుతుంది, రెండేళ్ల తరువాత క్రాస్ పరీక్షలో పబ్లిక్ ప్రాసిక్యూటరు దానినే మీ ముందు పెడతారు.

నేను దగ్గరగా చూసిన ఒక కేసులో ఒకాయన ఎడమ ముంజేతి బయటి వైపు, మోచేతికి నాలుగు వేళ్ల కింద అడ్డంగా తెగిన గాయం ఉంది. కత్తి తల మీదకు వస్తున్నప్పుడు మనిషి అసంకల్పితంగా చెయ్యి అడ్డుపెడతాడు, అలాంటప్పుడు పడే గాయం సరిగ్గా అక్కడే ఉంటుంది. తనవైపు నిజం ఉన్నదని చెప్పే బలమైన సాక్ష్యం ఆయన ఒంటి మీదే ఉంది. కానీ ఆయన మూడు రోజులు ఆసుపత్రికి వెళ్లలేదు, ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర కుట్లు వేయించుకున్నాడు. చేతి దగ్గర చిరిగి రక్తమంటిన చొక్కాను ఆయన భార్య ఆ రాత్రే బోరింగు దగ్గర సర్ఫు వేసి ఉతికి దండెం మీద ఆరేసింది. ఆమె ఉద్దేశం మంచిదే, ఇంట్లో పిల్లలు చూడకూడదనుకుంది. కోర్టులో మాత్రం ఆ గాయం ఎప్పుడు తగిలిందో, ఎవరి చేతిలో తగిలిందో రుజువు చేయడానికి ఏమీ మిగలలేదు. అందుచేత బట్టలు ఉతకవద్దు, చింపవద్దు, కాల్చవద్దు. ఆరనిచ్చి కాగితపు సంచిలో పెట్టి పోలీసులకు అప్పగించి, అప్పగించినట్టు పంచనామాలో రాయించుకోండి.

తరువాత పోలీసులకు మీరే సమాచారం ఇవ్వండి. మీ మీద దాడి జరిగిందని ఫిర్యాదు ఇస్తే అది కౌంటర్ కేసుగా నమోదవుతుంది. స్టేషన్‌లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించే దారి కేసుల దర్యాప్తు, విచారణ పద్ధతి చెప్పే కొత్త చట్టం, అంటే నాగరిక సురక్షా సంహిత, సెక్షన్ 173లో ఉంది. ఒకే ఘటన మీద రెండు కేసులు ఉన్నప్పుడు రెంటినీ ఒకే న్యాయమూర్తి ఒకదాని వెంట ఒకటి విచారించి తీర్పు చెప్పాలని సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, మీ కౌంటర్ కేసు వేరే కోర్టులో ఉంటే దానిని సెషన్స్ కోర్టుకు పంపించమని దరఖాస్తు వేయించండి.

అరెస్టు జరిగితే ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరు పెట్టాలి. ఆయన ముందు నిలబడ్డ క్షణాన్ని వృథా చేసుకోవద్దు, ‘నాకు గాయాలున్నాయి, వైద్య పరీక్ష చేయించండి’ అని అక్కడే చెప్పండి. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం మీకు వ్యతిరేకంగా సాక్ష్యం కాదు, అయినా న్యాయవాదిని కలవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే, నిర్బంధంలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ఇచ్చింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టవచ్చు, 15100 నంబరుకు ఫోను చేసినా చాలు.

కోర్టులో వాదన: ‘నేను అక్కడ లేను’ అనవద్దు

నేను చూసినంతలో ఆత్మరక్షణ కేసులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఊరి పెద్దలో, తెలిసీ తెలియని బంధువులో ‘నువ్వు ఆ రోజు విశాఖలో ఉన్నానని చెప్పు’ అంటారు. ఘటనా స్థలంలో నీ చెప్పు దొరికింది, నీ ఫోను టవరు అక్కడే చూపిస్తోంది, ఐదుగురు చూశారు. అక్కడ లేనన్న అబద్ధం కూలిపోయాక ‘ఉన్నాను గానీ ప్రాణరక్షణకే కొట్టాను’ అంటే నమ్మేవారు ఎవరు? నిజానికి ముద్దాయి నోటితో ఆత్మరక్షణ అనకపోయినా, ప్రాసిక్యూషన్ సాక్ష్యంలోనే అది కనిపిస్తే కోర్టు దానిని పరిశీలించవచ్చని 1968లో మున్షీ రామ్ కేసు నుంచీ చట్టం స్థిరంగా ఉంది. అయినా అబద్ధం మీద నిలబెట్టిన వాదన న్యాయమూర్తి మనసులో మిగతా నిజాలన్నింటినీ మసకబారుస్తుంది.

ఆత్మరక్షణను రుజువు చేసే భారం ముద్దాయిదే. కొత్త సాక్ష్య చట్టమైన సాక్ష్య అధినియమం సెక్షన్ 108 అలా చెబుతుంది. అయితే ప్రాసిక్యూషన్ నేరాన్ని నిస్సందేహంగా రుజువు చేయవలసినంత బరువు మీ మీద ఉండదు. మీరు చెప్పినది జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపించగలిగితే సరిపోతుంది. దానికి చేయవలసిన పనులు మూడు చోట్ల ఉంటాయి. ప్రాసిక్యూషన్ సాక్షిని క్రాస్ చేసేటప్పుడు మీ గాయాల గురించి, చనిపోయిన వ్యక్తి చేతిలో ఉన్న ఆయుధం గురించి, ఎవరు ఎవరి పొలంలోకి వచ్చారన్న దాని గురించి మీ న్యాయవాది తప్పకుండా అడగాలి. మీ గాయాలను పరీక్షించిన డాక్టరును పిలిపించి ఆ గాయాల సర్టిఫికెట్‌ను ఎగ్జిబిట్‌గా మార్కు చేయించాలి. ముద్దాయి ఒంటి మీద ఉన్న గాయాలు ఎలా తగిలాయో ప్రాసిక్యూషన్ వివరించలేకపోతే అది వారి కేసును బలహీనపరుస్తుందని 1976లో లక్ష్మీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అల్పమైన గీతల్లాంటి గాయాలకు మాత్రం అంత బలం ఉండదు. చివరగా సాక్ష్యం ముగిశాక న్యాయమూర్తి నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 351 కింద మిమ్మల్ని నేరుగా అడిగే ప్రశ్నలు. చాలామంది అన్నింటికీ ‘తెలియదు’, ‘అబద్ధం’ అని వరుసగా చెప్పి కూర్చుంటారు. మీ న్యాయవాదితో ముందే మాట్లాడుకుని, జరిగినదానిని మీ మాటల్లో రాతపూర్వకంగా ఇచ్చే అవకాశాన్ని ఉపయోగించుకోండి.

హక్కు ఉండి కూడా దాని హద్దు దాటినట్టు కోర్టు భావిస్తే అంతా పోయినట్టు కాదు. సద్బుద్ధితో, ముందస్తు ఆలోచన లేకుండా, అవసరానికి మించి హాని చేసే ఉద్దేశం లేకుండా హద్దు దాటితే అది హత్య కాదు, హత్య కిందికి రాని నరహత్య అవుతుంది. న్యాయ సంహిత సెక్షన్ 103 కింద మరణశిక్షో యావజ్జీవమో పడే చోట సెక్షన్ 105 కింద శిక్ష తగ్గవచ్చు. అందుచేత ‘పూర్తిగా విడుదల’ అన్న ఒక్క వాదన మీదే ఆగకుండా, దానికి ప్రత్యామ్నాయంగా ఈ మినహాయింపును కూడా వాదించమని చెప్పండి.

ప్రాణం పోయిన ఇంటివారు చేయవలసినవి

అంత్యక్రియల దుఃఖంలో కాగితాల మాట ఎత్తడం కష్టమే, అయినా ఎవరైనా ఒక బంధువు ఈ పని నెత్తిన వేసుకోవాలి. ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. శవపంచనామా సమయంలో దగ్గర ఉండండి. పోస్టుమార్టం నివేదిక, మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం ఒక సంచిలో చేర్చండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా బాధితులకు తెలియజేయాలని కొత్త చట్టం పోలీసులను ఆదేశిస్తోంది. విచారణలో పబ్లిక్ ప్రాసిక్యూటరుకు సాయంగా మీ సొంత న్యాయవాదిని పెట్టుకోవడానికి కోర్టు అనుమతి అడగవచ్చు. ముద్దాయి పక్షం ఆత్మరక్షణ అంటోందని తెలిసినప్పుడు ఈ పని తప్పకుండా చేయండి.

నష్టపరిహారానికి దారులు ఒకటి కంటే ఎక్కువ. మొదటిది శిక్ష వేసే సెషన్స్ కోర్టే. నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 395 కింద జరిమానాలోంచి గానీ, జరిమానా వేయకపోయినా విడిగా గానీ ముద్దాయి చేత పరిహారం ఇప్పించవచ్చు. 2013లో అంకుశ్ శివాజీ గైక్వాడ్ కేసులో, పరిహారం సంగతి ప్రతి కేసులో ఆలోచించి, ఇచ్చినా ఇవ్వకపోయినా కారణం రాయాలని సుప్రీంకోర్టు దిగువ కోర్టులకు చెప్పింది. అయినా శిక్ష గురించి వాదనలు వినే రోజున ఎవరూ అడగకపోతే ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. ఆ రోజున ముద్దాయికి ఉన్న భూమి వివరాలు, చనిపోయిన వ్యక్తి సంపాదన వివరాలు ప్రాసిక్యూటరు చేతిలో ఉండేటట్టు చూడండి. జరిమానాలోంచి ఇచ్చే డబ్బు అప్పీలు గడువు తీరేదాకా, అప్పీలు వేస్తే అది తేలేదాకా చేతికి రాదని కూడా తెలుసుకోండి.

రెండవది ప్రభుత్వ బాధితుల పరిహార పథకం. దీని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది ఉన్నదని తెలిసిన కుటుంబాలు నాకు చాలా తక్కువగా కనిపించాయి. అదే సంహిత సెక్షన్ 396 ప్రకారం, ముద్దాయి ఇచ్చే పరిహారం చాలకపోయినా, కేసు విడుదలతో ముగిసినా, పునరావాసం అవసరమని తోస్తే సెషన్స్ కోర్టు సిఫారసు చేయవచ్చు. అంటే ఆత్మరక్షణ వాదన నెగ్గి ముద్దాయి నిర్దోషిగా బయటకు వెళ్లిన కేసులో కూడా, చనిపోయిన వ్యక్తి మీద ఆధారపడిన వృద్ధ తల్లిదండ్రులకో పిల్లలకో ఈ తలుపు మూసుకుపోదు. కోర్టును ఆ సిఫారసు కోరడం మీ న్యాయవాది పని. నేరస్తుడు ఎవరో తేలకపోతే మీరే నేరుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. విచారణ రెండు నెలల్లో ముగించాలని చట్టం గడువు పెట్టింది. చనిపోయినది స్త్రీ అయితే 2018 నాటి జాతీయ న్యాయ సేవాధికార సంస్థ పథకంలో ప్రాణనష్టానికి కనీసం 5 లక్షలు, గరిష్ఠం 10 లక్షల రూపాయలని ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారిన తరువాత మీ మండలం ఏ జిల్లాలోకి వెళ్లినా, కోర్టు పరిధి కూడా దానితోపాటే మారిందని అనుకోవద్దు. ఎఫ్.ఐ.ఆర్. మీద ఉన్న పోలీసు స్టేషన్ ఏ కోర్టు కిందికి వస్తుందో అడిగి అక్కడికే వెళ్లండి.

చనిపోయిన వ్యక్తి ఎస్సీ లేదా ఎస్టీ అయి, నిందితులు ఆ వర్గాలవారు కాకపోయి, ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల (అంటే దౌర్జన్యాల) నిరోధక చట్టం కింద కేసు నమోదైతే 2016లో సవరించిన నిబంధనల ప్రకారం హత్యకు 8.25 లక్షల రూపాయల సహాయం ఉంది. అందులో సగం పోస్టుమార్టం తరువాత, మిగతా సగం ఛార్జిషీటు కోర్టుకు చేరాక అందాలి. తీర్పు దాకా ఆగవలసిన పని లేదు. పోస్టుమార్టం అయ్యాక కూడా మొదటి సగం రాకపోతే కలెక్టరు కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి.

ఇక సివిల్ దావా. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం పేరులో ప్రమాదం అని ఉన్నా, మరొకరి అక్రమ చర్య వల్ల కలిగిన మరణానికీ అది వర్తిస్తుంది. భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లల ప్రయోజనం కోసం దావా వేయవచ్చు. దీనికి గడువు మరణం జరిగిన తేదీ నుంచి రెండేళ్లే. క్రిమినల్ కేసు తీర్పు వచ్చాక చూద్దామని ఆగినవారికి ఈ గడువు దాటిపోవడం నేను మళ్లీ మళ్లీ చూశాను. రుజువు ప్రమాణం వేరు కాబట్టి, సందేహపు లబ్ధి మీద క్రిమినల్ కోర్టు విడుదల చేసినా సివిల్ కోర్టు తన ముందున్న సాక్ష్యాన్ని తాను తూచుకుంటుంది. ముద్దాయిది నిజమైన ఆత్మరక్షణ అని సివిల్ కోర్టు కూడా నమ్మితే మాత్రం అక్రమ చర్య లేనందువల్ల దావా నిలవదు. కోర్టు ఫీజు కట్టలేనివారు నిరుపేదగా దావా వేసే వెసులుబాటు కోరవచ్చు. సంపాదన రుజువుకు జీతం చీటీయే ఉండనక్కరలేదు. గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు వెళ్లే మత్స్యకారుడికి, హైదరాబాదులో తాపీ పనికి వెళ్లే కూలికి ఆ చీటీ ఎక్కడ నుంచి వస్తుంది? నెలనెలా ఇంటికి పంపిన డబ్బు తాలూకు బ్యాంకు పాసుబుక్కు, ఫోను నుంచి పంపిన చెల్లింపుల వివరాలు, మేస్త్రీ సాక్ష్యం చాలా విలువైనవి. క్రిమినల్ కోర్టు ఇప్పించిన మొత్తాన్ని సివిల్ కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది, ఒకే నష్టానికి రెండుసార్లు రాదు.

ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని ఇంత సొమ్ము ఇప్పించి కేసు తీసేయిద్దామంటే రెండు పక్షాలవారూ తొందరపడవద్దు. హత్య కేసు రాజీకి వీలు లేని నేరం. డబ్బు చేతులు మారినా విచారణ ఆగదు, సాక్షి మాట మార్చడానికి ఇచ్చిన డబ్బు అయితే కొత్త నేరం నెత్తికి వస్తుంది. డబ్బు తీసుకున్నట్టు రాసిచ్చిన కాగితాన్ని బయటపెట్టి, మీకు నష్టం తీరిపోయిందని రేపు ఎదుటివారు వాదించవచ్చు.

తీర్పు వచ్చిన రోజునే ధ్రువీకృత ప్రతికి దరఖాస్తు పెట్టండి. జైలు శిక్ష పడిన ముద్దాయికి తీర్పు ప్రతి ఉచితంగా ఇవ్వాలి, అమరావతిలోని హైకోర్టుకు అప్పీలు చేయడానికి గడువు అరవై రోజులు, మరణశిక్ష పడితే ముప్పై రోజులే. చనిపోయిన వ్యక్తి కుటుంబం కూడా అప్పీలు చేయవచ్చు. విడుదల మీద చేయవచ్చు, హత్యకు బదులు తక్కువ నేరం కింద శిక్ష వేసినందుకు చేయవచ్చు, పరిహారం చాలలేదని కూడా చేయవచ్చు. ముద్దాయి విడుదల మీద బాధితులు అప్పీలు చేయడానికి ముందస్తు అనుమతి అక్కరలేదని 2018లో మల్లికార్జున్ కొడగలి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆత్మరక్షణ మినహాయింపు మీద సెక్షన్ 103 కాస్తా 105గా మారిన కేసుల్లో ఈ అప్పీలు హక్కు మీకు ఉన్నది కాబట్టి, తీర్పు చదివిన సాయంత్రమే మీ న్యాయవాదితో మాట్లాడండి. పిల్లల పేర వచ్చిన పరిహారాన్ని వారు మేజర్లయ్యేవరకు బ్యాంకు డిపాజిట్టుగా ఉంచి, వడ్డీ మాత్రం తల్లి చేతికి అందేటట్టు ఉత్తర్వు ఇమ్మని పరిహారం అడిగే దరఖాస్తులోనే కోరండి.